రేపటి జేబు డబ్బా: రైతుకు ఎలాంటిది కావాలి?

పాటలు, మాటలు, బొమ్మలు నింపుకొని జేబులో వేసుకు తిరిగే డబ్బా ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. చౌటుప్పల్ లాంటి ఏ ఊరి బస్టాండు దగ్గరైనా సెల్‌ఫోన్ దుకాణంలో అడిగితే చిప్పులో వందల పాటలు ఎక్కించి ఇస్తారు. మగ్గం మీద కూర్చున్న నేతన్న, పత్తి ఏరే కూలమ్మ, ట్రాక్టరు నడిపే పిల్లవాడు ఆ పాటలు వింటూనే పని చేసుకుంటారు. చేతులు, కళ్లు పనిలో ఉన్నా చెవులు ఖాళీగానే ఉంటాయి కదా!

ఆ ఖాళీ చెవికి పాటతో పాటు సేద్యం మాట కూడా అందించవచ్చు. దానికి రేపు రాబోయే డబ్బా ఎట్లా ఉండాలి? కంపెనీలు ఏం చేసి పెడితే అది కొనుడు కాకుండా, రైతు తనకేం కావాలో ముందే లెక్క వేసుకుంటే మంచిది. ఆ లెక్క ఎట్లా వేయాలో ఈ వారం పాఠంలో తెలుసుకుందాం.

ఇప్పటిదాకా వచ్చినవి

ముందు వెనక్కి చూద్దాం. జేబులో పట్టే ట్రాన్సిస్టర్ రేడియో 1954లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 1956లో పుణె చుట్టుపక్కల 150 పల్లెల్లో రేడియోతో ఒక ప్రయోగం చేశారు. ఊరివాళ్లు ఒకచోట చేరి సేద్యం కార్యక్రమం వినాలి, విన్నదాని మీద చర్చించాలి, నచ్చింది ఆచరించాలి. అనుమానాలు ఉంటే రాసి రేడియో కేంద్రానికి పంపాలి. ఇది బాగా నడవడంతో 1959 నుంచి దేశమంతటా విస్తరించారు. 1960ల్లో తంజావూరు రైతులు ఏడీటీ-27 అనే వరి వంగడాన్ని ‘రేడియో బియ్యం’ అని పిలిచారు. రేడియోలో విని వేసిన వరి కాబట్టి ఆ పేరు వచ్చింది.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు చూపించారు. మన పక్కనున్న మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలు కూడా అందులో ఉన్నాయి. ఏడాది తిరగగానే ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు, పాఠాలు ఆగిపోయాయి.

పాటల డబ్బాల కథ వేరు. క్యాసెట్ 1963లో వచ్చింది. నడుముకు తగిలించుకునే వాక్‌మన్ 1979లో వచ్చింది. రీలు లేకుండా చిప్పు మీద పాడే ఎంపీత్రీ ప్లేయరు 1998లో, వెయ్యి పాటలు పట్టే ఐపాడ్ 2001లో వచ్చాయి. ఐపాడ్ తయారీని 2022లో ఆపేశారు. ఆ పని అంతా సెల్‌ఫోనే చేస్తున్నది. 2017లో సారేగామా కంపెనీ పాత హిందీ పాటలు 5,000 ముందే నింపి ‘కార్వాన్’ అనే డబ్బా తెచ్చింది. ఫోను నొక్కడం తెలియని పెద్దవాళ్లు కూడా మీట తిప్పితే పాట వస్తుంది. అందుకే అది ఇంటింటికీ చేరింది.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రేడియోలో సేద్యం ఉంది కానీ, సమయం దాటితే మళ్లీ వినే వీలు లేదు. పాటల డబ్బాలో ఎన్నిసార్లైనా వినే వీలుంది కానీ, సేద్యం లేదు. రెండూ ఒకచోట కలిసిన డబ్బా మనకు కావాలి.

చిప్పులో ఎంత పడుతుంది?

పాట బాగా వినిపించాలంటే ఒక నిమిషానికి సుమారు 1 ఎంబీ జాగా కావాలి. ఒక జీబీలో 16, 17 గంటల పాటలు పడతాయి. ఉత్త మాటకు అంత నాణ్యత అక్కర లేదు, అందులో నాలుగో వంతు జాగా చాలు. అంటే ఒక జీబీలో సుమారు 69 గంటల మాట పడుతుంది. 32 జీబీ చిప్పులో 2,200 గంటలు! రోజుకు ఒక గంట చొప్పున విన్నా ఆరేళ్లు పడుతుంది. బొమ్మతో కూడిన పాఠమైతే నిమిషానికి 5 ఎంబీ వేసుకోండి, అదే చిప్పులో సుమారు 100 గంటలు వస్తుంది.

జాగాకు కొరత లేదని దీనితో తేలిపోతున్నది. కాబట్టి ‘64 జీబీ, 128 జీబీ’ అని దుకాణదారు ఊరిస్తే దానికే ఎక్కువ డబ్బు పెట్టకండి. అందులో ఏం నింపుతారు, ఎవరు నింపుతారు అన్నదే అసలు ప్రశ్న.

ఏది చెవికి, ఏది కంటికి అన్నది కూడా తెలుసుకోవాలి. ఎప్పుడు విత్తాలి, ఎంత మోతాదు వేయాలి, ఏం జాగ్రత్త పడాలి అన్నవి వింటే చాలు. పత్తిలో గులాబి రంగు పురుగును గుర్తుపట్టుడు, బత్తాయి చెట్టుకు ఎండు కొమ్మలు తీసుడు లాంటివి కళ్లతో చూడాలి. అరచేయంత తెర ఉంటే దీనికి చాలు. అయితే అది ఎండలో కూడా కనిపించే తెర కావాలి. ఇప్పటి తెరలు చాలా వరకు మిట్టమధ్యాహ్నం నల్లటి అద్దం లెక్క కనిపిస్తాయి.

బ్యాటరీ లెక్క

సాధారణంగా ఇలాంటి డబ్బాల్లో 3.7 వోల్టుల లిథియం సెల్లు ఉంటుంది. దానిమీద 2,000 అని రాసి ఉంటే, 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 7.4 వాట్ అవర్లు వస్తుంది. డబ్బా ఒక వాటు కరెంటు తింటే ఏడు గంటలు పాడుతుంది. పొద్దున చేనుకు పోయి సాయంత్రం వచ్చేదాకా సరిపోతుందన్న మాట.

వెనకవైపు 2 వాట్ల చిన్న సోలార్ పలక ఉంటే ఇంకా మంచిది. ఐదు గంటల మంచి ఎండకు కాగితం మీద 10 వాట్ అవర్లు రావాలి. దుమ్ము, వేడి, పలక వాలు వల్ల కొంత పోతుంది. ఆరేడు వచ్చినా రోజు గడుస్తుంది.

ఒక జాగ్రత్త. మన వైపు ఎండాకాలం 45 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడి మీద లిథియం సెల్లును ఛార్జింగు పెడితే తొందరగా పాడవుతుంది. అందుకని సోలార్ పలక డబ్బాకు అతికి ఉండకుండా తీగతో విడిగా ఉండాలి. పలక ఎండలో, డబ్బా నీడలో ఉండాలి. సెల్లుల్లోనే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే రకం ఉంది. బరువు కొంత ఎక్కువైనా వేడికి తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్లు వస్తుంది. రేపటి డబ్బాలో ఈ రకం ఉండాలని కోరుకోవాలి. సెల్లు పాడైతే మరలు విప్పి మార్చుకునేట్టు ఉండాలి. అతికించి మూసేసిన డబ్బా అయితే సెల్లుతో పాటే పారేయాలి.

బురద చేతికి సరిపోవాలి

తడి చేతితో, మందు అంటిన చేతితో అద్దం మీద వేలు పెడితే ఫోను పలకదు. రైతు డబ్బాకు గట్టి మీటలే మేలు. ఐదు మీటలు చాలు: ముందుకు, వెనక్కు, ఆపు, గొంతు పెంచు, గొంతు తగ్గించు. చీకట్లో తడిమినా ఏ మీట ఏదో తెలియాలి.

దుమ్ము, నీళ్లు తట్టుకునే శక్తిని ‘ఐపీ’ అనే అక్షరాల పక్కన రెండు అంకెలతో చెబుతారు. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. ఐపీ 65 అని ఉంటే దుమ్ము అసలు పోదు, నీళ్లు చిమ్మినా ఏమీ కాదు. ఐపీ 54 అయితే కొంత దుమ్ము, తుంపర వరకు ఆగుతుంది. ఏ అంకే లేకపోతే వానలో నమ్మవద్దు.

చేను పనిలో రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. పాము బుస, ట్రాక్టరు శబ్దం, పక్కవారి కేక వినపడవు. చేనుకు చిన్న స్పీకరు ఉన్నదే మంచిది. నలుగురు కలుపు తీసేచోట మధ్యలో పెడితే నలుగురూ వింటారు.

పాత మాటతో ప్రమాదం

ఇక అసలు సంగతికి వద్దాం. పాట పాతదైనా నష్టం లేదు, ఇంకా తియ్యగా ఉంటుంది. సేద్యం మాట అట్లా కాదు. పాతబడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఒకప్పుడు పత్తి రైతు నోట ఎండోసల్ఫాన్ పేరు లేని రోజు లేదు. 2011 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటా నిలిపివేసింది. వరిలో మొగిపురుగుకు ఫోరేట్ గుళికలు చల్లడం పెద్దలకు అలవాటు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి ఫోరేట్ నిషేధం. ట్రైజోఫాస్, డైక్లోర్వాస్ కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఆలోచించండి. పదిహేనేళ్ల కింద ఎవరో నిపుణుడు చెప్పిన పాఠం చిప్పులో ఉంది. అప్పుడు అది సరైన మాటే. ఆ చిప్పు చేతులు మారి మీ దగ్గరికి వచ్చింది. గొంతు స్పష్టంగా ఉంది, మాట నమ్మకంగా ఉంది. ఎప్పుడు చెప్పిందో మాత్రం తెలియదు. విన్న పిల్లవాడు మూలనున్న పాత డబ్బా మూత తీస్తే ఏం కావాలి?

ఇంకో ఉదాహరణ. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకం 2006లో వచ్చింది. మొదట్లో ‘కాయ తొలిచే పురుగుకు భయం లేదు’ అన్న మాట నిజమే. తర్వాత గులాబి రంగు పురుగు ఆ విషానికి అలవాటు పడింది. ఇప్పుడు లింగాకర్షక బుట్టలు పెట్టి, వరుసగా మూడు రోజులు ఒక్కో బుట్టలో రోజుకు 8 చొప్పున రెక్కల పురుగులు పడితే మేల్కోవాలని చెబుతున్నారు. పాత మాట విని ఊరుకున్న రైతుకు కాయ పగిలినప్పుడు గాని నష్టం తెలియదు.

అందుకని రేపటి డబ్బాలో మిగతా అన్నింటికన్నా ముందు ఈ గుణం ఉండాలి: ప్రతి పాఠమూ తన పుట్టిన తేదీ, తన గడువు తానే చెప్పాలి. ‘ఇది ఫలానా ఏడాది జూన్‌లో చెప్పింది, ఎర్ర చల్కల్లో వానకు పండే పత్తికి, ఈ పంట వరకే’ అని మొదట వినిపించాలి. డబ్బాలో గడియారం ఉండాలి. గడువు దాటితే పాఠానికి ముందు ‘ఇది పాతది, అడగకుండా పాటించవద్దు’ అనే హెచ్చరిక రావాలి. మందుల పాఠమైతే గడువు దాటగానే తాళం పడాలి. ఇది చేయడానికి పెద్ద యంత్రం అక్కర లేదు, ఫైలుతో పాటు రెండు తేదీలు రాసిపెడితే చాలు.

పాఠాలను మూడు రకాలుగా విడదీయవచ్చు. వాన కబురు, మార్కెట్ ధర: వీటి గడువు రోజుల్లో. పురుగు, తెగులు, విత్తన రకం, మందు: ఒక పంటకాలం. మట్టి నమూనా తీసుడు, వంద గింజలు తడిగుడ్డలో కట్టి మొలక శాతం చూసుడు, మందు డబ్బా మీద త్రికోణం రంగు చదువుడు: ఇవి ఏళ్ల తరబడి పనికొస్తాయి. డబ్బా మీద మూడు రంగుల దీపాలు పెడితే చదువు రానివారికి కూడా ఏది ఏ రకమో తెలుస్తుంది.

మన మాట దానికి తెలియాలి

2,200 గంటల మాటలో మనకు కావలసింది వెతికేదెట్లా? ‘పత్తికి పురుగు వడ్డది, ఏం జెయ్యాలె?’ అని అడిగితే డబ్బా సరైన పాఠం తీయాలి. పుస్తకం భాషలో అడిగితేనే పలుకుతానంటే లాభం లేదు. మొక్కజొన్న అన్నా మక్క అన్నా, వేరుశనగ అన్నా పల్లి అన్నా, రబీ అన్నా యాసంగి అన్నా దానికి ఒకటే కావాలి.

ఇది గాలిలో మేడ కాదు. మన భాషల్లో మాట్లాడితే అర్థం చేసుకునే యంత్రాల కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో ‘భాషిణి’ని మొదలుపెట్టింది. తెలుగు కూడా అందులో ఉంది. అయితే నెట్టు లేని చేనులో, చిన్న డబ్బాలో, మన యాసలో పని చేసేదే మనకు కావాలి. అందుకు మన వైపు పెద్దవాళ్ల గొంతులు, ఆడవాళ్ల గొంతులు వాటికి నేర్పాలి.

ఇంకొక ముఖ్యమైన మాట. తెలియకపోతే ‘తెలియదు’ అని చెప్పే డబ్బా కావాలి. మోతాదు విషయంలో ఊహించి జవాబు చెప్పే యంత్రం కన్నా మూగ యంత్రం నయం.

తిరిగి చెప్పే దారి

ఆఫ్రికాలోని ఘనాలో ‘టాకింగ్ బుక్’ అనే మాట్లాడే డబ్బాను పల్లెల్లో వాడారు. చదువు రాని రైతులు మీటలు నొక్కి సేద్యం, ఆరోగ్యం పాఠాలు వింటారు. తమ అనుమానాన్ని, అనుభవాన్ని అదే డబ్బాలో చెప్పి రికార్డు చేస్తారు. కొత్త పాఠాలు నింపడానికి వచ్చినవారు ఆ మాటలు తీసుకుపోతారు. ఏ పాఠం ఎన్నిసార్లు విన్నారో కూడా డబ్బా లెక్క పెడుతుంది.

మన దగ్గరా ఇలాంటి దారి పడింది. 2006లో బెంగళూరులో మొదలైన డిజిటల్ గ్రీన్, రైతులతోనే వీడియోలు తీయించి, బ్యాటరీతో నడిచే చిన్న ప్రొజెక్టరుతో పల్లెల్లో చూపించింది. మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనూ ఇది నడిచింది. మహబూబ్‌నగర్ వైపు అడ్డాకులలో ఆదర్శ మహిళా సమాఖ్య ఇక్రిశాట్‌తో కలిసి రైతుల ప్రశ్నలు శాస్త్రవేత్తలకు, జవాబులు రైతులకు చేరవేసింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి ఆడవాళ్లే నడిపిన సంఘం రేడియో ఉంది. ఊరి గొంతును ఊరు నమ్ముతుందని ఇవన్నీ చూపించాయి.

కాబట్టి డబ్బాలో వినే మీటతో పాటు చెప్పే మీట కూడా ఉండాలి. పాఠం వినేసి ‘మా చేనులో ఇట్లా కాలేదు’ అని రైతు చెప్పగలిగితేనే తరువాతి పాఠం సరిదిద్దుకుంటుంది.

ఫోను ఉండగా ఇది ఎందుకు?

మంచి ప్రశ్నే. ఫోనులో ఇవన్నీ చేయవచ్చు. కానీ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? ఎక్కువ ఇళ్లలో మగవారి జేబులో, లేకుంటే పిల్లల చేతిలో. కలుపు తీసేది, పత్తి ఏరేది మాత్రం ఆడవాళ్లు. రీచార్జి అయిపోతే నెట్టు ఉండదు. ఒక పాఠం వినబోతే పది ప్రకటనలు, ఇరవై వీడియోలు అడ్డం వస్తాయి. మహిళా సంఘం దగ్గర ఉండి, ఇంటింటికీ తిరిగే ఉమ్మడి డబ్బాకు ఆ బాధలు లేవు. పై గుణాలన్నీ ఫోనులోనే వస్తే ఇంకా సంతోషం. పేరేదైనా గుణాలే ముఖ్యం.

ఇప్పుడే ఏం చేయవచ్చు?

రేపటి డబ్బా వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర లేదు. ఉన్న వస్తువులతోనే మొదలుపెట్టండి.

1. చిప్పు పట్టే మామూలు స్పీకరు డబ్బా ఒకటి సంఘం తరఫున కొనండి. రేడియో కూడా ఉన్నది చూసుకోండి.

2. మీ వ్యవసాయ విస్తరణ అధికారి రైతు వేదికకు వచ్చినప్పుడు, ఆయన అనుమతితో, ఆ వారం సలహాను ఫోనులో రికార్డు చేయండి. మూడు నిమిషాలు దాటనీయకండి. ఒక పాఠంలో ఒకటే విషయం ఉండాలి.

3. మొదట తేదీ, పంట, నేల రకం, చెప్పినవారి హోదా చెప్పించండి. చివర ‘ఇది ఎప్పటివరకు’ అన్నది చెప్పించండి. తేదీ చెప్పని పాఠాన్ని చిప్పులోకి ఎక్కించకండి.

4. మందుల మోతాదును రెండుసార్లు చెప్పించండి. విన్న తర్వాత కూడా డబ్బా మీది చీటీతో సరిచూసుకోండి.

5. పంటకాలం ముగియగానే ఆ పంట పాఠాలు తుడిచేయండి. పాటలు ఉంచుకోండి, మందుల పాఠాలు ఉంచవద్దు.

6. అనుమానం వస్తే కిసాన్ కాల్ సెంటర్ ఉంది. 2004లో మొదలైంది, నంబరు 1800-180-1551, ఫోను ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడతారు. జవాబు వచ్చాక దాన్ని మీ గొంతుతో, ఆ రోజు తేదీతో రికార్డు చేసి డబ్బాలో పెట్టండి.

కొనేముందు దుకాణంలో అడగండి: సెల్లు మార్చుకోవచ్చా? ఐపీ అంకె ఎంత? రేడియో ఉందా? రికార్డు మీట ఉందా? తేదీ గుర్తుంచుకుంటుందా? మొదటి నాలుగింటికి ఈ రోజు జవాబు దొరకవచ్చు. ఐదో ప్రశ్నకు చాలా దుకాణాల్లో జవాబు దొరకదు. అయినా అడగండి. కొనేవాళ్లు పదిమంది అడిగితే అమ్మేవాడు కంపెనీని అడుగుతాడు. అప్పటిదాకా తేదీ చెప్పే పని మీ గొంతుదే.